రాత్రి టికెట్టు

అక్టోబరు వచ్చిందంటే మా న్యూజెర్సీలో పిల్లల నోట హాలోవీన్ తప్ప ఇంకో మాట వినబడదు. పదమూడేళ్ల మా పెద్దాడు దయ్యాల కొంపకి తీసుకెళ్లమని ప్రాణం తీస్తున్నాడు. ఫిలడెల్ఫియాలో ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షరీ అనే పాత జైలుంది. హాలోవీన్ రోజుల్లో రాత్రిపూట అందులో జనాన్ని భయపెట్టే ఏర్పాట్లు చేస్తారు. అప్పుడే రాజమండ్రి నుంచి మా నాన్న వచ్చి ఉన్నాడు. సెంట్రల్ జైల్లో హెడ్ వార్డరుగా చేసి రిటైరైన మనిషి. "జైలంటే తాతయ్యకి సరదాగా ఉంటుంది" అన్నాను మావాడితో. ఆ మాట నా నోటి నుంచే వచ్చిందంటే ఇప్పటికీ మింగుడుపడదు.

ఏర్పాట్లలో మాత్రం లోటు చెయ్యలేదు. శనివారాలు ధరా ఎక్కువే, జనమూ ఎక్కువే అని ఆదివారం, అదీ పెందరాళే లోపలికి పంపే టికెట్లు కొన్నాను. నాన్నకి మంకీ క్యాపు, మోకాళ్లకి పట్టీలు సర్దాను. 1984 మేలో మా రాష్ట్రంలోనే, గ్రేట్ అడ్వెంచర్ పార్కులోని దయ్యాల కోటకి నిప్పంటుకుని ఎనిమిది మంది టీనేజి పిల్లలు చనిపోయారు. ఆ తర్వాతే ఇలాంటి చోట్ల అగ్నిమాపక నిబంధనలు బిగించారు. అందుకని బయటికి దారులెక్కడున్నాయో కూడా కనుక్కున్నాను. అక్కడ మెడలో వెలిగే గొలుసు వేసుకుంటే నటులు మన మీద చెయ్యి వెయ్యొచ్చు, గుంపులోంచి లాక్కుపోవచ్చు. వద్దనుకుంటే వేసుకోనక్కర్లేదు. పెద్దాడికి గొలుసు, నాన్నకి వద్దు అని ముందే అనుకున్నాను. ఆ జైలు కథేమిటో మాత్రం చదవలేదు. భయపడ్డానికి వెళ్తుంటే చరిత్రెందుకు అనుకున్నాను.

తర్వాత చదివితే తెలిసింది, అది 1829లో మొదలైన జైలు. మనిషిని ఒంటరిగా ఉంచితే తన తప్పు తెలుసుకుని మారతాడని, మంచి ఉద్దేశంతోనే కట్టారు. గదికొక ఖైదీ. పైకప్పులో వెలుతురు కోసం ఒక కన్నం, వెనక ఎత్తు గోడల మధ్య చిన్న పెరడు. గది దాటించాల్సివస్తే తలకి ముసుగు వేసేవాళ్లు. పక్కగదిలో ఎవరున్నారో తెలియకుండానే ఏళ్లు గడిచిపోయేవి. 1842లో నవలాకారుడు చార్లెస్ డికెన్స్ అక్కడికి వెళ్లి చూసి, ఒంటిని హింసించడం కన్నా ఇది ఘోరమని రాశాడు. అయినా ఆ పద్ధతిని అధికారికంగా వదిలింది 1913లో. జైలు మూతపడింది 1971లో.

లోపల చీకటి, పొగ, ఇనుప తలుపుల చప్పుడు. ఖైదీ బట్టలేసుకుని మొహమంతా నెత్తురు పూసుకున్న కుర్రాడొకడు ఊచల వెనకనుంచి గావుకేక పెట్టి చేతులు చాచాడు. అందరూ అరిచారు, ఆ వెంటనే నవ్వారు. నాన్న ఉలిక్కిపడలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కుర్రాడి భుజం మీదుగా గదిలోకి తొంగిచూశాడు.

"ఇందులో ఎంతమందిని పెట్టేవారమ్మా?"

"ఒక్కణ్ణేమో నాన్నా."

"ఒక్కడైతే లెక్క తేలికే. రాత్రిళ్లు ఆ ఏడుపు వినడమే కష్టం."

వెనకవాళ్లు తోసుకొస్తున్నారు. నేను నాన్న మోచెయ్యి పట్టుకుని, "నడు నాన్నా, వరస ఆగిపోతోంది" అన్నాను. ఆయన జీవితంలో మొదటిసారి నాతో జైలు మాట ఎత్తితే, నేను చేసింది ఆ పని.

నా చిన్నప్పుడు నైట్ డ్యూటీ నుంచి వచ్చి, నూతి దగ్గర స్నానం చేశాకే మమ్మల్ని దగ్గరికి తీసుకునేవాడు. జైలు సంగతి ఇంట్లో ఎత్తేవాడు కాదు. చెప్పడానికేమీ లేక చెప్పట్లేదనుకున్నాను. పెళ్లయి, పిల్లలు పుట్టి, దేశం మారినా అదే అనుకుంటూ ఉండిపోయాను.

ఆ రాత్రుల వేడుక తప్పని నేననను. పాడుబడ్డ కట్టడాన్ని నిలబెట్టడానికి విరాళాల కోసం 1991లో మొదలుపెట్టారు. ఆ రాబడి ఇప్పటికీ దాని మరమ్మతులకి ఆసరాగా ఉంది. మావాడిలాంటి పిల్లలకి అది పండగే. ఎవరిని ఎక్కడికి తీసుకెళ్తున్నానో చూసుకోకపోవడం నా తెలివితక్కువ. తిరుగుదారిలో కారులో పెద్దాడు "నీకు భయమెయ్యలేదా తాతయ్యా?" అనడిగితే, "భయమెందుకురా! పాపం ఆ కుర్రాడు రాత్రంతా అలా అరిస్తే గొంతు పోతుంది" అన్నాడు నాన్న. నేను రోడ్డు వైపే చూస్తూ బండి నడిపాను.

వారం తిరక్కుండా పగటి టికెట్లు కొని మళ్లీ తీసుకెళ్లాను. పగలు నటుడు స్టీవ్ బుషెమి గొంతుతో ఆడియో గైడు ఇస్తారు. ఆ ఇంగ్లీషు నాన్నకి సగం అందలేదు. హెడ్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టి, గది గదికీ ఆగుతూ తనే చెప్పసాగాడు. లాకప్ వేళ తలల లెక్క తప్పితే ఏమయ్యేదో, విడుదలకి ముందురాత్రి ఖైదీకి నిద్రెందుకు పట్టదో, ములాఖత్‌కి ఎన్నాళ్లయినా ఎవరూ రానివాడికి వార్డర్లు ఏం సర్దిచెప్పేవారో. పెద్దాడు ప్రశ్న మీద ప్రశ్న వేస్తూనే ఉన్నాడు. ఈసారి నేను ఎవర్నీ తొందరపెట్టలేదు. మూసే వేళయిందని గార్డు వచ్చి చెప్పేసరికి సగం జైలు కూడా చూడలేదు మేము.