కాలేయానికి తలంటు

విశాఖ ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నడకకు వచ్చేవారికి సముద్రపు గాలి ఉచితం. కాలేయ ప్రక్షాళన మాత్రం గ్లాసు లెక్కన. కాకర, ఉసిరి, కలబంద, ఏ రసం తాగినా ఒంట్లో విషమంతా కొట్టుకుపోతుందట. ఏ విషం, ఎంత, ఎటు పోయింది అని అడగకూడదు. అడిగినవాడు ఇంగ్లిషు మందుల కంపెనీ మనిషి. అసలు ఒంట్లో ఆ కడుగుడు పని చేసేదే కాలేయం. దానికి గ్లాసెడు సాయం చేయబోవడం ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసుకు అగ్గిపుల్ల అరువివ్వడమే.

ఆ రసం మహా అయితే జేబుకు చేటు. కామెర్ల పసరు సంగతి వేరు. 1923 నాటి కింగ్ జార్జ్ ఆసుపత్రి ఊళ్లోనే ఉన్నా, కళ్లు పచ్చబడగానే కొందరి కాళ్లు పసరు వైద్యుడి గుమ్మం వైపే పోతాయి. ఆకు పేరు ఆయన చెప్పడు, చెబితే గుణం పోతుంది మరి! ఒకరు ముక్కులో చుక్కలు వేస్తారు, ఇంకొకరు చేతి మీద వాత పెడతారు. నెల తిరిగేసరికి కామెర్లు మాయం. కలుషిత నీటితో వచ్చి కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పసరు తాగినా అంతే, మజ్జిగ తాగినా అంతే. కీర్తి మాత్రం పసరుకి. అదే నెలలు నిండుతున్న గర్భిణికి హెపటైటిస్ ఇ సోకితే, నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిత్తనాళంలో రాయి అడ్డుపడ్డా కళ్లు పచ్చబడతాయి. ఆ రాయికి వాతలంటే భయం లేదు.

"సైన్సే ఒప్పుకుంది" అనేవారి చేతిలో ఒక కాగితం ఉంటుంది: 1988, లాన్సెట్ పత్రిక, నేల ఉసిరి. మద్రాసు పరిశోధకులు, నోబెల్ గ్రహీత బ్లుంబర్గ్ కలిసి చేసిన ఆ పరీక్షలో మందు వాడిన 37 మందిలో 22 మంది రక్తంలో హెపటైటిస్ బి ఆనవాలు పోయింది. ఉత్తుత్తి మందు మింగిన 23 మందిలో ఒక్కరికే పోయింది. గొప్ప ఫలితమే. థాయ్‌లాండ్‌లో, న్యూజిలాండ్‌లో మళ్లీ పరీక్షిస్తే నిలవలేదు. ఆ కాగితాలను ప్రచారకులు ఎప్పుడో పకోడీల పొట్లానికి ఇచ్చేశారు.

ఆకే కదా, హాని లేదట. గన్నేరుపప్పూ చెట్టుకే కాస్తుంది. కరోనా రోజుల్లో తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలను 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు. ఆయుష్ శాఖ కాదంది. తర్వాత 13 ఆసుపత్రుల వైద్యులు అలాంటివే 43 కేసులు చూపించారు.

మూలికలన్నీ బూటకమని కాదు. ఇసబ్‌గోలు, సోనాముఖి మలబద్ధకానికి పనిచేస్తాయని పరీక్షల్లోనే తేలింది. వాటి పేర్లు పొట్లం మీదే ఉంటాయి, గుణం ఎక్కడికీ పోలేదు.

కళ్లు పచ్చబడితే ముందు రక్తపరీక్ష చేయించండి. గర్భిణి అయితే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.