గేటు మీది విల్లో: టీకా తాత్పర్య విశేషాంశ సహితం

అవతారిక

గుంటూరు బ్రాడీపేట లైన్లలోకి కడియం నర్సరీల మొక్కలు ట్రాలీ ఆటో ఎక్కి వస్తాయి. మైకులో రికార్డు గొంతు గులాబీలు, మందారాలు, నిమ్మ అంట్లు అంటూ వల్లె వేస్తుంటుంది. కొత్త గేటు, కొత్త రంగు కనపడిన ఇంటి ముందు బండి తనంతట తనే ఆగుతుంది. బండివాడు సన్నటి కొమ్మలు కిందకి వేలాడుతున్న ఒక మొక్కను దించి, అరుగు మీద పెట్టి, ఒక మాట చెబుతాడు. ఇక్కడ మూలం ఆ మాటే.

"విల్లో అండీ ఇది. నీళ్లు మాత్రం తప్పనీయమాకండి. ఏడాది తిరిగేసరికి గేటు మీదకి వాలుద్ది."

చదవడానికి తేలిక వచనమే. కొన్నవాళ్లకి పూర్తిగా అర్థమవడానికి మాత్రం ఒక ఎండాకాలం పడుతుంది. అందుకే టీక అవసరమైంది. మెదక్ సీమ మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్యానం చేశాడు. ఆయన ముందున్నది కాళిదాసు కాబట్టి ఆ ఒట్టు చెల్లింది. మొక్కల బండివాడి మూలంలో చెప్పినదానికంటే చెప్పనిదే ఎక్కువ గనుక ఈ టీకాకారుడికి ఆ నియమం కుదరదు.

ప్రతిపదార్థం

విల్లో అండీ ఇది = ఇది విల్లో అనబడునది; నీళ్లు మాత్రం = ఎరువు, మందు, నీడల సంగతి ఎలా ఉన్నా, జలము; తప్పనీయమాకండి = కుళాయి రాని రోజున కూడా మానవలదు; ఏడాది తిరిగేసరికి = అమ్మినవాడు ఈ లైనులోకి మళ్లీ రాకమునుపే; గేటు మీదకి = ఇనుప గేటు పైకి, అనగా వాస్తు సిద్ధాంతి కన్ను మొదట పడు చోటికి; వాలుద్ది = వాలును.

"విల్లో" శబ్ద విచారం

ముందు వ్యాకరణం. విల్లు + ఓ = విల్లో, ఉత్వసంధి. ఇక్కడి ఓకారం సందేహార్థకం. అంటే "విల్లో, ఇంకేదో" అని అమ్మేవాడికే అనుమానం ఉందని ఒక వర్గం వాదన. ఇది చమత్కారానికి చెప్పిన అర్థమని కొట్టిపారేయకూడదు. ఈ వాదనలోని బలం చివర్లో బయటపడుతుంది.

ఇంగ్లీషులో ఈ చెట్టు పూర్తి పేరు వీపింగ్ విల్లో, ఏడ్చే విల్లో. బండివాడి నోట పూర్వపదం లోపించింది. ఈ లోపం కావాలని చేసిందే. గృహప్రవేశం అయి మూడు నెలలు కాని ఇంటి గుమ్మంలో ఏడుపును ఎవరు నాటుకుంటారు?

తెలుగులో దీనికి పేరు లేదనుకుంటే పొరపాటు. తెలుగు బైబిల్లో 137వ కీర్తనలో, బబులోను నదుల ఒడ్డున చెరపట్టబడినవాళ్లు సితారాలు తగిలించిన చెట్లకు "నిరవంజి" అని పేరు. 1842లో హయ్యర్ దొర లూథరన్ మిషను పెట్టిన గుంటూరులోనూ, బాప్టిస్టుల ఒంగోలులోనూ ఆదివారం ఈ మాట విన్న చెవులు వేలల్లో ఉంటాయి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఏటి ఒడ్డు వాళ్లకి వంశపారంపర్యంగా తెలిసిన మాట నిరవంజి, తెలియనిది చెట్టే.

ఆ కీర్తనను నమ్ముకుని వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ కూడా తప్పటడుగు వేశాడు. 1753లో వేలాడే విల్లోకి బాబిలోనికా అని పేరు పెట్టాడు. చెట్టేమో చైనాది. యూఫ్రటీస్ ఒడ్డున సితారాలు మోసింది ఒక జాతి పోప్లర్ అని తర్వాతి వృక్షశాస్త్రజ్ఞులు తేల్చారు. అప్పటికే పేరు అచ్చయిపోయింది. అచ్చుతప్పు ఇరవై ఏళ్లు నిలిస్తే పాఠాంతరం, రెండు వందల ఏళ్లు నిలిస్తే శాస్త్రం.

సంస్కృతం వైపు వెళితే చిక్కు పెరుగుతుంది. అమరకోశంలో వేతసానికి వానీరం, వంజులం, అభ్రపుష్పం అని పర్యాయాలున్నాయి. వేతసమంటే ప్రబ్బ అని తెలుగు నిఘంటువులు, విల్లో అని కొందరు ఆయుర్వేదులు. వంజులానికి అశోకమనే అర్థం కూడా ఉంది. ఆ అశోకాన్ని అడిగితే మన నర్సరీల్లో ఇచ్చేది నరమామిడి! కాంపౌండు గోడల పక్కన సన్నగా, నిటారుగా, ఆకులు కిందకి జార్చుకుని నిలబడేది అదే. సీతమ్మ ఉన్న వనానికి పేరిచ్చిన అశోకానికీ దానికీ చుట్టరికం లేదు. కాబట్టి కోశం చేతపట్టుకుని నర్సరీకి వెళ్లినవాడు వంజులం అడిగి అశోకం పుచ్చుకుని నరమామిడితో ఇంటికి వస్తాడు.

అసలు మన విల్లో ఒకటుంది. పేరు ఏటిపాల. వాగుల ఒడ్డున, నీటికి వేరు తగిలే చోట పెరుగుతుంది. సామర్లకోటలో మొక్కలు పెంచుతూ, బొమ్మలు వేయిస్తూ గడిపిన వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బరో దీనికి నాలుగు విత్తులదని అర్థం వచ్చేలా లాటిన్ పేరు పెట్టాడు. పాల అన్నారు గానీ గిల్లితే పాలు రావు. ఆకు పోలికను బట్టి అన్నారేమో. కొమ్మలు అంతగా వేలాడవు, అందుకని బండి ఎక్కలేదు. విత్తు పగిలితే మాత్రం తెల్లటి నూగు గాలికి ఎగురుతుంది. అభ్రపుష్పమన్న పేరు దీన్ని చూసే పెట్టారనిపిస్తుంది. పత్తి పండించే సీమకి ఇంకో దూది చెట్టు దండగ అనుకున్నారో ఏమో, దీన్ని ఎవరూ పెరట్లోకి పిలవలేదు.

"నీళ్లు మాత్రం"

ఈ వాక్యానికి ప్రాణం ఇక్కడుంది.

గుంటూరు, ప్రకాశం మైదానాల రైతుకి నీళ్లు తప్పనీయకపోవడం అనేది వింత భాష. ఇక్కడ తెలిసిన విద్య నీళ్లను కొలవడం. మిరపకి తడి పెడతారు, ఆరనిస్తారు, మళ్లీ తడి పెడతారు. మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే మొక్క ఎండిపోతుందని చేలో నడిచే పిల్లవాడికి కూడా తెలుసు. పత్తి అయితే వేరును లోతుకు దించి, రేగడి దాచుకున్న చెమ్మతో కాలక్షేపం చేస్తుంది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక కూడా కుడికాలువ కింద పెద్ద భాగం ఆరుతడి సాగే. ఏడాదికి సుమారు 850 మిల్లీమీటర్ల వాన, అదీ నాలుగైదు నెలల్లోనే. ఇలాంటి మెట్ట సీమలో విల్లో అచ్చమైన మాగాణి జీవి.

దానికి తోడు మన్ను. నల్లరేగడిలోని బంకమన్ను వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుపోయి నెర్రెలిస్తుంది. మే నెలలో ఆ నెర్రెల్లో చెయ్యి దూరుతుంది. విల్లో పీచువేళ్లు పైపొరల్లో పాకుతాయి కాబట్టి మన్ను నెర్రెలిచ్చిన చోటల్లా తెగుతాయి. ఎండలకి రెంటచింతల పేరు రోజూ పేపర్లో వచ్చే రోజుల్లో మధ్యాహ్నం మూడింటికి ఈ మొక్కను చూస్తే "తప్పనీయమాకండి" అన్న నిషేధార్థకం వెనక ఎంత భయం ఉందో తెలుస్తుంది. కనిగిరి వైపు ఉప్పుబోరు నీళ్లయితే ఆకు అంచులు ముందే మాడతాయి.

అయినా పెంచి తీరతామనేవాళ్లు లేకపోలేదు. వాళ్ల కోసం టీకాకారుడు మూలం దాటి నాలుగు మాటలు చెబుతున్నాడు. నేలలో కాక సగానికి కోసిన డ్రమ్ములో నాటాలి. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం గోడ నీడ పడే తూర్పు వైపు పెట్టాలి. మొదలు దగ్గర వేరుశనగ తొక్కలో వరిగడ్డో పరచాలి. నీళ్లకి ఏసీ పైపు కింద బకెట్టు పెడితే సరి. ఆ నీళ్లలో ఉప్పు ఉండదు, పైగా ఎండ ముదిరే కొద్దీ ఏసీ ఎక్కువ తిరుగుతుంది, బకెట్టు త్వరగా నిండుతుంది. విల్లోకీ కరెంటు బిల్లుకీ ఇంత చక్కటి అన్వయం కుదరడం అరుదు.

నేలలో ఎందుకు వద్దంటే, నీళ్ల కోసం ఈ చెట్టు వేరు ఎంత దూరమైనా పోతుంది. పాత పైపుల అతుకుల్లోకి, సెప్టిక్ ట్యాంకు పగుళ్లలోకి దూరుతుంది. పైపులకు కనీసం పది మీటర్ల దూరంలో నాటాలని తోటపని పుస్తకాలు చెబుతాయి. 200 గజాల స్థలంలో సెప్టిక్ ట్యాంకుకి పది మీటర్ల దూరమంటే పక్కింటివాళ్ల వంటగది.

"ఏడాది తిరిగేసరికి"

విల్లో లెక్కలో ఏడాదికి చలికాలం అని ఒక భాగం ఉంటుంది. చలి ముదిరితే ఆకు రాల్చి నిద్రపోతుంది, వెచ్చబడితే లేచి చివురిస్తుంది. గుంటూరు జనవరిలో శాలువా తీసేది ముసలివాళ్లే. నిద్ర పట్టక, పూర్తిగా మేలుకోలేక చెట్టు ఏడాది పొడుగునా ఆవులిస్తూ ఉంటుంది. ఈ మధ్య ఫోన్లలో గులాబీ, తెలుపు, ఆకుపచ్చ కలిసిన ఆకులతో ఊరించే హకురో నిషికి అనే జపాన్ విల్లో సంగతీ ఇంతే. నిటారు కాండం మీద అంటు కట్టి అమ్ముతారు. అంటు కింద వచ్చే పిలకలు తుంచకపోతే కింది మొక్క పైదాన్ని మింగేస్తుంది. చలికాలం చివర కత్తిరిస్తేనే కొత్త చివురు ఆ రంగుల్లో వస్తుంది. మన ఎండకి ఆ గులాబీ రంగు చాలావరకు గోధుమరంగు అనే పాఠాంతరం పొందుతుంది.

"వాలుద్ది"

వాలడం నీచం కాదు. రఘువంశంలో రఘుమహారాజు దండెత్తినప్పుడు సుహ్మదేశం వాళ్లు వేతసంలా వంగి ప్రాణాలు దక్కించుకున్నారని కాళిదాసు చెప్పాడు. వరదకి ఎదురునిల్చిన మాను కూలుతుంది, వంగిన ప్రబ్బ మిగులుతుంది.

కానీ గేటు మీదకి నిజంగా వాలే మొక్క ఏది? ఏడాది తిరిగాక ఆ ఇంటి గేటు మీద వేలాడే కొమ్మల చివర ఎర్రటి కుచ్చులు పూస్తాయి. సీసా కడిగే బ్రష్ లాంటి పువ్వు. అప్పటికి ఇంటివాళ్లకి తెలుస్తుంది: కొన్నది విల్లో కాదు, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బాటిల్ బ్రష్. ఎండకి ఓర్చుకుంటుంది, తడి తప్పినా చావదు. సందేహార్థక ఓకారం ఇక్కడ సార్థకమైంది. ఒకదాన్ని మరొకటిగా పొరబడటం గనుక అలంకారం భ్రాంతిమంతం.

బండివాణ్ని పూర్తిగా తప్పు పట్టడానికీ లేదు. ఆ బాటిల్ బ్రష్ లాటిన్ పేరులో ఉత్తరపదం విమినాలిస్. బుట్టలల్లే సన్నకొమ్మల లాంటిదని దాని అర్థం. యూరప్‌లో బుట్టలల్లే విల్లోకీ ఉత్తరపదం అదే. శాస్త్రజ్ఞులే రెండింటికీ ఒకే పేరు పెడితే, ట్రాలీ ఆటోలో నిలబడ్డవాడు తేడా చెప్పలేదని నిందించడం న్యాయం కాదు.

విశేషాంశాలు

విల్లో నిజంగా వేళ్లూనిన ఇళ్లు ఈ మైదానంలో లెక్కలేనన్ని ఉన్నాయి. తలుపు వెనక, మంచం కింద, స్కూటర్ పక్కన దాని ఉనికి. క్రికెట్ బ్యాటుకి వాడేది తెల్లవిల్లో కర్ర. కాశ్మీర్‌లో అనంతనాగ్ జిల్లా సంగం దగ్గర రోడ్డు పొడుగునా దీన్ని చెక్కుతారు. గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు చేతికి వచ్చిన విల్లో దేశం తిరిగింది. అరండల్‌పేట లైన్లలో బంతి పోయి ఎవరి బాటిల్ బ్రష్ కొమ్మల్లో ఇరుక్కున్నా, అది అసలు విల్లో నకిలీ విల్లో మీద చేసిన ప్రయోగమే.

తలనొప్పి మందుకి మూలం కూడా ఈ చెట్టు బెరడే. 1828లో అందులోంచి సాలిసిన్ తీశారు, 1897లో బేయర్ ప్రయోగశాలలో హాఫ్‌మన్ ఆస్పిరిన్ తయారుచేశాడు. సెప్టిక్ ట్యాంకులోకి వేరు దిగిన ఇంటివాళ్లకి ఈ విశేషం ఉపయోగపడవచ్చు.

తాత్పర్యం

ఓ గృహస్థులారా! ఇది విల్లో కావచ్చు, కాకపోవచ్చు. విల్లో అయితే మీ దగ్గర ఉన్నన్ని నీళ్లు దానికి చాలవు. కాకపోతే బండివాడు చెప్పినట్టే గేటు మీదకి వాలును.

మూలానికి ఉత్తరభాగం ఒకటుంది. అన్ని ప్రతుల్లోనూ దొరుకుతుంది, ఒంగోలు ప్రతిలో అంకెలు మాత్రం కొంచెం మారతాయి.

"ఎంత బాబూ?"

"మూడొందలమ్మా."

"నూటయాభై ఇస్తా. ఆ తులసి మొక్క కూడా పెట్టు."

దీనికి టీక అక్కర్లేదు. సుగమం.