చట్టానికి చిక్కని నురగ

అమెరికాలో బీరు చరిత్ర అంటే చాలావరకు చట్టం మూత బిగించడం, బీరు పక్కనుంచి పొంగడం.

1855లో షికాగో మేయర్ లీవై బూన్ బార్ల లైసెన్సు రుసుమును 50 డాలర్ల నుంచి ఏకంగా 300కు పెంచి, ఆదివారాలు మూసెయ్యమన్నాడు. వారమంతా ఒళ్లు వంచి, ఆదివారం ఇంటిల్లిపాదీ బీరుతోటలో సేదతీరడం జర్మన్ వలసదారుల ఆనవాయితీ. ఏప్రిల్ 21న వాళ్లు దండుకట్టి నది దాటబోయారు. క్లార్క్ వీధి వంతెన పక్కకు తిరిగే రకం. మేయర్ దాన్ని తిప్పించేశాడు. గొడవలో తుపాకులు పేలి ఒక ప్రాణం పోయింది. మరుసటి ఏడాది జర్మన్, ఐరిష్ ఓటర్లు బూన్ పక్షాన్ని ఓడించారు. పోలింగుకు వెళ్లే దారిని మాత్రం ఎవరూ తిప్పలేకపోయారు.

1920 జనవరి 17న దేశమంతటా మద్యనిషేధం వచ్చింది. అర శాతం ఆల్కహాల్ ఉన్నా నేరమే. అంతకు లోబడి చేసిన 'నియర్ బీర్' పెళ్లికొడుకు రాని పెళ్లిభోజనంలా ఉండేది. కంపెనీలు వేరే బతుకుతెరువు వెతుక్కున్నాయి. కొలరాడోలో కూర్స్ పింగాణీ సామాను, మాల్టెడ్ పాలు అమ్మింది. 1829లో పెన్సిల్వేనియాలో పుట్టిన యింగ్లింగ్ కంపెనీ బ్రూవరీ ఎదుటే డెయిరీ పెట్టి ఐస్‌క్రీమ్ చేసింది. నిషేధం పోయినా ఆ ఐస్‌క్రీమ్ 1985 దాకా కరగలేదు. మరికొందరు రొట్టెల కోసమంటూ మాల్ట్ పాకం డబ్బాలు అమ్మారు. అందులో బీరుకు చేదునిచ్చే హాప్స్ కూడా కలిపేవారు. జనానికి చేదు రొట్టెల మీద హఠాత్తుగా అంత మోజు ఎందుకు పుట్టిందో ఊహించడం కష్టం కాదు.

రాజ్యాంగంలోంచి నిషేధం తొలగించడానికి సమయం పడుతుంది. అందాకా ఆగలేక 1933లో కాంగ్రెస్ 3.2 శాతం బీరు మత్తెక్కించదని చట్టంలోనే తేల్చేసింది. అధ్యక్షుడు రూజ్వెల్ట్ మార్చి 22న సంతకం చేశాడు. ఏప్రిల్ 7న, అనుమతించిన రాష్ట్రాల్లో, మత్తెక్కించని ఆ పానీయం కోసం జనం అర్ధరాత్రే బారులు తీరారు.

డిసెంబరు 5న నిషేధమే రద్దయింది. ఇంట్లో వైన్ చేసుకోవడానికి అనుమతి దొరికింది కానీ బీరు మాట వదిలేశారు. ఆ లోటు తీరడానికి 45 ఏళ్లు పట్టింది. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా కాచుకునే వీలు కలిగింది. అప్పటికి దేశంలో వంద బ్రూవరీలు కూడా లేవు. ఇప్పుడు 9,000 పైమాటే. వాటి యజమానుల్లో చాలామందికి తొలి బ్రూవరీ సొంత వంటింటి పొయ్యే.