అడగకముందే జవాబై కూర్చునే డిఫాల్టుకు బహిరంగ లేఖ

ఫారం తెరవగానే డ్రాప్‌డౌన్ గడిలో ముందే ఎంపికై కనిపించే విలువకు,

నెల్లూరు తీరం నుంచి రాస్తున్నాను. పైథాన్‌లో వెబ్ ఫారాలు తయారుచేయడం నా వృత్తి కాబట్టి నీతో నాకు రోజూ పని. నువ్వు ఎక్కడా ఉండకూడదని నేను అనడం లేదు. నీకు తెలియని సంగతికి నువ్వు జవాబై కూర్చోవడం వల్ల ఈ తీరంలో రొయ్యల రైతుకు, వేటకు పోయే మత్స్యకారుడికి, ఊళ్లోనే ఉండి జిల్లా మారినవాళ్లకు ఏం జరుగుతుందో నలుగురి ముందూ చెప్పాలని ఈ లేఖ.

ముందు నీ పుట్టుక సంగతి. నిన్ను ఎవరూ పిలవకపోయినా వస్తావు. ఒకే జవాబు ఎంచుకోవాల్సిన డ్రాప్‌డౌన్‌లో ఫారం రాసినవాడు ఏ వరసనూ గుర్తు పెట్టకపోతే, జాబితాలో ఎంచుకోవడానికి వీలున్న మొదటి వరసను బ్రౌజరు తనంతట తానే ఎంచేస్తుంది. హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలో ఉన్న నియమమే ఇది. అంటే ఫారం రాసినవాడు ఏమీ అనుకోకపోయినా, నింపేవాడు ఏమీ ముట్టుకోకపోయినా, సర్వరుకు మాత్రం ఒక జవాబు చేరుతుంది. ఇద్దరు మనుషులూ ఇవ్వని ఆ జవాబు డేటాబేసులో నిజమై కూర్చుంటుంది.

దాని ఫలితం ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల గుంట గట్టు మీద చూశాను. పట్టుబడి రోజు. కంపెనీ మనుషులు కాటా పెట్టుకుని, ఫోన్లో కొనుగోలు ఫారం తెరుచుకుని కూర్చున్నారు. రొయ్యకు ధర కౌంటును బట్టి. కిలోకు 30 తూగితే 30 కౌంటు, పెద్ద రొయ్య, మంచి ధర. కిలోకు 100 తూగితే చిన్న రొయ్య, ధర బాగా తక్కువ. కిలో తూచి లెక్కపెడితే ఆ గుంట రొయ్య 40 కౌంటు దగ్గర తేలింది. కాటా దగ్గరున్న కుర్రాడు తడి చేతులతోనే రైతు పేరు కొట్టాడు, బరువు కొట్టాడు, సేవ్ నొక్కాడు. కౌంటు గడి ముట్టుకోలేదు. అందులో ఏదో ఒకటి ముందే ఉంది కాబట్టి ముట్టుకోవాలని అతనికి తోచలేదు. చీటీ మీద 100 కౌంటు అని వచ్చింది.

30 నుంచి మొదలవ్వాల్సిన జాబితాలో 100 పైకి ఎలా వచ్చింది? కౌంట్లను అంకెలుగా కాక అక్షరాలుగా రాసి, పైథాన్‌లో సార్టెడ్ అని పేర్చారు. అక్షరాలుగా పేరిస్తే 100లోని ఒకటి 30లోని మూడు కంటే ముందు వస్తుంది. పైథాన్ దృష్టిలో అది సరైన వరసే. బ్రౌజరు ఆ మొదటి వరసను ఎంచుకుంది. దానిదీ నియమమే. ఎవరూ మోసం తలపెట్టలేదు, అయినా రైతు సొమ్ముకు గండి పడబోయింది. ఆ రైతు చీటీ చదివే అలవాటున్నవాడు కాబట్టి అక్కడికక్కడే సరిచేయించుకున్నాడు. చదవనివాళ్ల సంగతి ఏమిటి?

నీ మీద నా అసలు ఫిర్యాదు ఇదే. గడి ఖాళీగా ఉంటే ఖాళీగా కనిపిస్తుంది. ఆఫీసులో ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతారు. నువ్వు కూర్చున్న గడి నిండుగా కనిపిస్తుంది, ఎవరూ అడగరు. నెల తరవాత వెయ్యి రికార్డులు తెరిస్తే వాటిలో మనిషి చూసి ఎంచినవి ఏవో, నువ్వు కూర్చున్నవి ఏవో వేరుచేసే దారి ఉండదు. తప్పును దిద్దవచ్చు. తప్పో ఒప్పో తెలియనిదాన్ని ఎవరు దిద్దగలరు?

జిల్లా గడికి వద్దాం. మా జిల్లాకు 2008లో అమరజీవి పొట్టి శ్రీరాములు పేరు పెట్టారు. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచిన మనిషి పేరు మా జిల్లాకు ఉండడం మాకు గౌరవం. కానీ ఇంగ్లీషు అక్షర క్రమంలో పేర్చిన జాబితాల్లో, పేరు ఎలా రాశారన్నదాన్ని బట్టి, మా జిల్లా ఒకచోట 'ఎన్' దగ్గర, ఇంకోచోట 'పి' దగ్గర, మరోచోట 'ఎస్' దగ్గర ఉంటుంది. వెతికి విసిగి వదిలేస్తే, పైనున్న అల్లూరి సీతారామరాజు జిల్లాయే నమోదవుతుంది. మా మైపాడు ఒడ్డున ఉన్న మనిషి దరఖాస్తు పాడేరు కొండల లెక్కలో పడుతుంది.

పాత రికార్డు నుంచి జిల్లాను తెచ్చి ముందే నింపినా గొడవ తీరదు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. ప్రకాశం జిల్లాలో ఉన్న కందుకూరు నెల్లూరులోకి వచ్చింది. అదే కందుకూరు 1970లో ఒంగోలు జిల్లా (ఇప్పటి ప్రకాశం) ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి విడిపోయి వెళ్లింది. మా దగ్గర ఊరు కదలదు, జిల్లా కదులుతుంది. నిన్న నిజమైన నువ్వు ఇవాళ అబద్ధం కావచ్చు. జిల్లా తప్పితే దాని వెనక వచ్చే మండలాల జాబితా కూడా తప్పుతుంది. సూళ్లూరుపేట మనిషి నెల్లూరు మండలాల్లో తన ఊరు వెతుక్కుని, కనిపించక, ఏదో ఒకటి నొక్కి బయటపడతాడు. ఒక డిఫాల్టు అలా రెండో తప్పును కంటుంది.

పడవ రకం గడి ఇంకా సున్నితమైనది. లోపల ఇంజను బిగించిన పెద్ద మరబోటును మెకనైజ్డ్ అంటారు. వెనక ఇంజను తగిలించుకునే ఫైబరు బోటు మోటరైజ్డ్. తెడ్డుతో, తెరచాపతో నడిచేది సంప్రదాయ పడవ. డీజిల్ రాయితీ ఏ మేరకు అన్నది ఈ రకాన్ని బట్టే ఉంటుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ కాలానికి ఇచ్చే సాయాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2025లో కుటుంబానికి 20,000 రూపాయలు చేసింది. వేట లేని రెండు నెలలు ఆ డబ్బు మీదే ఆధారపడే ఇళ్లు ఈ తీరం పొడవునా ఉన్నాయి. ఇలాంటి దరఖాస్తులో బోటు వివరం ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటే, తేడా ఎందుకు వచ్చిందో చెప్పుకోవాల్సింది ఆ మనిషే. "మీరే కదా ఎంచుకున్నారు" అంటే అతను ఏమని బదులిస్తాడు? అతను ఎంచుకోలేదు, నువ్వు ఎంచుకున్నావు.

నీ బలం మా తీరానికే పరిమితం కాదు. 2003లో జాన్సన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు పరిశోధకులు 'సైన్స్' పత్రికలో యూరపు దేశాల అవయవదాన సమ్మతిని పోల్చి చూపించారు. అడిగి ఒప్పుకుంటేనే దాతగా లెక్కించే జర్మనీలో సమ్మతి 12 శాతం. వద్దని చెప్పకపోతే దాతగా లెక్కించే ఆస్ట్రియాలో 99 శాతం పైన. పక్కపక్క దేశాలు, ఒకే భాష. తేడా చాలావరకు ముందే పెట్టిన జవాబులో ఉంది. 2019 అక్టోబరు 1న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ప్లానెట్49 కేసులో, ముందే టిక్కు పెట్టి ఉంచిన గడిని మనిషి ఇచ్చిన సమ్మతిగా తీసుకోవడం చెల్లదని తేల్చింది. మనిషి చెయ్యి కదిలితేనే అది అతని మాట అన్నది ఆ తీర్పు సారం. కౌంటు గడికీ, పడవ గడికీ అదే న్యాయం వర్తించాలి.

ఇక నీకు చోటిచ్చే మా వృత్తివాళ్ల సంగతి. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్కు జాంగోలో మోడల్ ఫీల్డుకు డిఫాల్టు అని రాస్తే కొత్త రికార్డుకు అదే విలువ. ఫారం ఫీల్డుకు ఇనీషియల్ అని రాస్తే, తెరిచినప్పుడు కనిపించే తొలి విలువ మాత్రమే. పంపినదాంట్లో ఆ గడి లేకపోతే జాంగో ఇనీషియల్‌ను తెచ్చి నింపదు. ఈ రెండింటినీ ఒకటిగా తీసుకునేవాళ్లు చాలామంది. పైగా, ఖాళీకి వీల్లేని మోడల్ ఫీల్డుకు డిఫాల్టు పెట్టిన వెంటనే, డ్రాప్‌డౌన్ పైన జాంగో మామూలుగా ఉంచే అడ్డగీతల ఖాళీ వరస మాయమవుతుంది. ఎంచుకోలేదని చెప్పే అవకాశమే మనిషికి మిగలదు.

ఉన్న రికార్డును దిద్దడానికి ఫారం తెరిచేటప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ. మోడల్‌ఫారానికి పాత రికార్డుతో పాటు ఇనీషియల్ కూడా అందిస్తే, ఇనీషియలే గెలుస్తుంది. ఫోన్ నంబరు మార్చుకోవడానికి వచ్చిన మనిషి జిల్లా కూడా మారిపోయి బయటికి వెళతాడు. ఫ్లాస్క్ అనే మరో ఫ్రేమ్‌వర్కుతో వాడే డబ్ల్యూటీఫార్మ్స్‌లో ఇంకో ఉచ్చు ఉంది. ఫీల్డు డేటాకు విలువను వ్యూలో సూటిగా ఇచ్చేస్తే, ఫారం తెరిచినప్పుడే కాదు, పంపినప్పుడు కూడా ఆ కోడు పంక్తి నడుస్తుంది. మనిషి ఎంచిన జవాబును చెరిపి నిన్ను కూర్చోబెడుతుంది. జాబితాలో విలువ అక్షరంగా, అలా సూటిగా ఇచ్చిన విలువ అంకెగా ఉన్నా చిక్కే. రెండూ సరిపోలవు, ఏ వరసా ఎంపిక కాదు, బ్రౌజరు మళ్లీ మొదటి వరసకే పోతుంది. తెర మీద ఎర్రగీత ఏదీ రాదు.

దారులు కష్టమైనవి కావు. జాబితా మొదటి వరసలో 'ఎంచుకోండి' అని రాసి, దాని విలువను ఖాళీగా ఉంచి, గడిని తప్పనిసరి చేస్తే బ్రౌజరే ఆపుతుంది. బ్రౌజరును నమ్ముకోకుండా సర్వరులో కూడా ఆ ఖాళీని తిప్పి పంపాలి. డబ్ల్యూటీఫార్మ్స్‌లో విలువలను అంకెలుగా మార్చమని చెప్పి ఉంటే ఖాళీ అంకె కాలేదు కాబట్టి, ఖాళీని విలువ లేదని చెప్పే నన్‌గా తీసుకునే చిన్న ఫంక్షను రాసుకోవాలి. తొలి విలువను ఫారం తెరిచినప్పుడే ఇవ్వాలి, పంపినప్పుడు ముట్టుకోకూడదు. అంకెలను అంకెలుగా పేర్చాలి. జిల్లాల జాబితాను కోడులో పాతిపెట్టకుండా, మార్చుకోగలిగే పట్టికలో ఉంచాలి.

నీకు న్యాయంగా దక్కే చోట్లు ఉన్నాయి, అవీ చెబుతాను. రాష్ట్ర ప్రభుత్వ ఫారంలో రాష్ట్రం గడిలో ఆంధ్రప్రదేశ్ అని ఉండు. కాటా దగ్గర తీసుకునే చీటీలో ఇవాళ్టి తేదీగా ఉండు. వేట నిషేధం తేదీలు చూపించే పట్టికలో మా వాళ్లకు తూర్పు తీరం తేదీలుగా ఉండు, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 కదా. దిద్దుబాటుకు తెరిచిన రికార్డులో మనిషి తానుగా ఇచ్చిన పాత జవాబుగా ఉండు. ఇవన్నీ ఫారానికి ముందే తెలిసిన సంగతులు. అక్కడ నువ్వు మనిషికి శ్రమ తగ్గిస్తావు. తడి చేతులతో, ఎండలో, చిన్న తెర మీద కొట్టేవాడికి ఒక్క గడి తగ్గినా మేలే. ఫారానికి తెలియని చోట మాత్రం నువ్వు ఉండకూడదు. ధరను, సాయాన్ని, అర్హతను నిర్ణయించే ఏ గడిలోనూ మనిషి నోట రాని జవాబు ఉండకూడదు.

నువ్వు ఈ లేఖ చదవలేవు. చదవగలిగినవాళ్లు నిన్ను పెట్టేవాళ్లు, కాబట్టి చివరి మాట వాళ్లకే. ఫారాలు రాసే మిత్రులారా, విడుదలకు ముందు ఒక్క పరీక్ష చేయండి. ఏ డ్రాప్‌డౌనూ ముట్టుకోకుండా ఫారం పంపించి, డేటాబేసులో ఏం నమోదైందో చూడండి. ఎవరూ చెప్పని జవాబు అక్కడ కనిపిస్తే ఆ గడిని ఖాళీ చేయండి. ఫారాలు నింపే అన్నలారా, అమ్మలారా, సేవ్ నొక్కేముందు ప్రతి గడినీ ఒకసారి చదవండి. ముందే నిండి ఉన్నదాన్ని రెండుసార్లు చదవండి. చీటీ చేతికి వచ్చాక కాటా దగ్గరినుంచి కదలకముందే కౌంటు చూసుకోండి.

ఇట్లు,
నెల్లూరు తీరంలో ఫారాలు రాసే ఒక పనివాడు