హోదా లేని పట్టభద్రుడు: ఒక ఆటోగ్రాఫ్ పుస్తకం ఆత్మకథ

నేను 1967 నాటి ఆటోగ్రాఫ్ పుస్తకాన్ని. రెక్సిన్ అట్ట, గుండ్రటి మూలలు, లోపల గులాబీ, పసుపు, లేతాకుపచ్చ కాగితాలు. చిదంబరంలో నన్ను కొన్న కుర్రవాడు అన్నామలై విశ్వవిద్యాలయంలో బీఎస్సీ వ్యవసాయం ఆఖరు సంవత్సరంలో ఉన్నాడు. రాజపాళయం పక్కన మంసాపురం అతని ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పరీక్షలకు ఇంగ్లిషు.

నన్ను కొన్న వారంలోనే హాస్టల్లో నేను చూడని గది లేదు. ఒక్కొక్కరూ మంచం మీద కూర్చుని, కలం మూత నోట కరిచిపట్టి, చాలాసేపు ఆలోచించి రాశారు. ఆ రోజుల్లో అందరి నోటా ఐఆర్-8 వరి మాటే. ఫిలిప్పీన్స్‌లో ఆ వంగడం విడుదలై అప్పటికి ఏడాదైనా కాలేదు. తంజావూరు కుర్రవాడొకడు తన తాలూకా అంతా దాన్నే వేయిస్తానని రాశాడు. ఇంకొకడు శుభాకాంక్షలేమీ రాయలేదు. 27-1-1965 అని తేదీ వేసి కింద సంతకం పెట్టాడంతే. హిందీ వ్యతిరేక ఉద్యమంలో పోలీసు కాల్పులకు రాజేంద్రన్ అనే విద్యార్థి బలైన రోజది. అప్పుడు వీళ్ళంతా రెండో ఏడు చదువుతున్నారు.

చిత్తూరు వైపు నుంచి వచ్చిన రూమ్మేటు గులాబీ కాగితం నిండా తెలుగులో రాశాడు. నా యజమానికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. అందుకని ఆ కుర్రవాడే పక్కన కూర్చుని పైకి చదివి వినిపించాడు. ఆయనకు అది ఒక్కసారికే కంఠతా వచ్చేసింది. తర్వాత ఎప్పుడు ఆ పేజీ తీసినా అక్షరాల మీద వేలు జరుపుతూ, చదువుతున్నట్టే తప్పులేకుండా అప్పజెప్పేవాడు.

మొదట్లో నాకు రాజభోగమే. మంసాపురం ఇంట్లో బల్ల మీద, రేడియో పక్కన నా చోటు. ఎవరి ఉత్తరం వచ్చినా వాళ్ళ పేజీ తీసి, అంచున పెన్సిల్‌తో చిన్నగా రాసుకునేవాడు. 1969 జూలైలో 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. పల్లెల్లో అప్పులివ్వాలంటే పైరు చూసి గుర్తుపట్టగలిగినవాడు కావాలి కదా! నా పేజీల్లో ఉన్నవాళ్ళు నలుగురైదుగురు బ్యాంకుల్లో చేరిపోయారు. చిత్తూరు రూమ్మేటూ వాళ్ళలో ఒకడు. ఒకాయన వాల్పారై తేయాకు తోటలకు వెళ్ళాడు. 1971లో కోయంబత్తూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఒకరికి అక్కడ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. మరొకరు పీహెచ్‌డీకని అమెరికా వెళ్ళి అక్కడే ఉండిపోయారు. పెళ్ళిళ్ళు, బదిలీలు, బిడ్డలు, ఒకచోట చిన్న సిలువ గుర్తు, పక్కన సంవత్సరం. అన్నీ నా అంచుల్లోనే ఉన్నాయి.

ఆయన పేజీ మాత్రం నాలో లేదు. ఎవరి ఆటోగ్రాఫ్ పుస్తకంలో వాళ్ళు సంతకం పెట్టుకోరు.

తండ్రికి జబ్బు చేయడంతో ఆయన ఉద్యోగం మాట వదిలేసి, కొండ కింది కొబ్బరి, మామిడి తోటలు చూసుకోవడానికి ఊళ్ళోనే ఉండిపోయాడు. ఉత్తరాలు తగ్గాయి. నేను బల్ల మీంచి బీరువాలోకి, అందులోంచి ఇనుప పెట్టెలోకి, ఆ పెట్టెతో సహా అటక మీదికి చేరాను. అటక మీద కాలం ఎలా గడుస్తుందో ఎవరికీ చెప్పుకోలేను. ఎండాకాలం రెక్సిన్ ఎండి పెళుసెక్కింది. వెండిపురుగులు తంజావూరు కుర్రవాడి సంతకం సగం తినేశాయి. ఒక సెలవుల్లో పిల్లలు పెట్టె దించి, నాలోంచి రెండు పసుపు కాగితాలు చింపి పడవలు చేసి కాలవలో వదిలారు. వాటి మీద ఇద్దరు మనుషుల చేతిరాతలున్నాయి. ఆ ఇద్దరూ ఆ తర్వాత ఎవరికీ దొరకలేదు. పిల్లల్ని ఏమనగలను? కానీ చూసిన పెద్దవాళ్ళు కూడా పాత కాగితాలే కదా అని ఊరుకున్నారు. ఆ బాధ నాకింకా తీరలేదు.

నాలో మిగిలిన చిరునామాలకూ కాలం చెల్లింది. 1967లో రాసినవి కదా, మద్రాసు రాష్ట్రమనే ఉన్నాయి. పిన్ కోడ్ పుట్టిందే 1972లో. ఈ ఊరు రామనాథపురం జిల్లా నుంచి 1985లో కొత్త జిల్లాలోకి వచ్చింది, ఇప్పుడది విరుదునగర్. చిదంబరం ఉన్న దక్షిణ ఆర్కాటు కూడా 1993లో రెండు ముక్కలైంది. నన్ను చూసి రాసిన ఉత్తరాలు ఎర్ర సిరా గీతలతో తిరిగొచ్చేవి.

2017లో, చదువు ముగిసి యాభై ఏళ్ళయిన సందర్భంలో, ఒక కాగితం వచ్చింది. పాత మిత్రులంతా చిదంబరంలో కలుస్తున్నారట, అందరి వివరాలతో చిన్న పుస్తకం వేస్తున్నారట. పాత పేర్లు చూసుకుందామని నన్ను కిందికి దింపారు. ఆయన కాగితాన్ని నా పక్కన పెట్టుకుని పేరు, చదివిన ఏళ్ళు నింపాడు. తర్వాతి గడి చివరి హోదా. దాని కింద పనిచేసిన సంస్థ. కలం అక్కడే ఆగిపోయింది. ఒక పూటంతా కూర్చుని, చివరికి ఆ కాగితాన్ని మడిచి నాలోనే దాచేశాడు. చిదంబరం వెళ్ళనూ లేదు.

ఇది నాకు మింగుడుపడదు. అంతమంది వ్యవసాయం చదివితే, ఆ చదువును జీవితమంతా తన మట్టిలోనే వాడినవాడికి రాసుకోవడానికి గడి లేకపోవడమేమిటి? మేనేజరుకు ఉంది, ప్రొఫెసరుకు ఉంది, డైరెక్టరుకు ఉంది. రైతుకు లేదు.

ఆయన ఏం చేశాడో నాకు తెలుసు. నా చివర ఎవరూ సంతకం చేయని లేతాకుపచ్చ కాగితాలు మిగిలాయి. అటకెక్కక ముందు చాలా ఏళ్ళు ఆయన వాటి మీద తోట సంగతులు రాసుకున్నాడు. ఏ ఏడు బావి అడుగంటిందో, చప్పట్ట మామిడి ఏ చెట్టు అంటు ఏ మూల నాటాడో, కొండ దిగొచ్చిన ఏనుగులు ఏ వరసలో కొబ్బరి చెట్లు పడగొట్టాయో అన్నీ ఉన్నాయి. కొమ్ము పురుగుకు మందు ఒక పేజీ నిండా ఉంది: కిలో ఆముదపు పిండి, అయిదు లీటర్ల నీళ్ళు, మట్టికుండల్లో నానబెట్టి తోటలో అక్కడక్కడా పెట్టడం. వాసనకు వచ్చి పడ్డ పురుగుల లెక్క పక్కనే ఉంది. చుట్టుపక్కల తోటలవాళ్ళు వచ్చి అడిగి, చూసి, అలాగే చేసుకున్నారు. హోదా గడిలో రాయడానికి ఇది చాలదా?

ఆ మడిచిన కాగితం మనవరాలి కంటబడింది. ఆ అమ్మాయి తాతను అడగలేదు. నా ఆకుపచ్చ పేజీలన్నిటికీ ఫోనులో ఫోటోలు తీసి, కాగితం మీదున్న నంబరుకు పంపేసింది.

రెండో రోజు పొద్దున్నే ఫోను మోగింది. అటునుంచి, ఆ ఫోటోలు చూసిన చిత్తూరు రూమ్మేటు. కొబ్బరి తోటలకు అప్పులు మంజూరు చేసి చేసి రిటైరైన మనిషి.

"ఒరే, మా ఇంటి వెనక ఇరవై చెట్లున్నాయిరా. మొవ్వులన్నీ పురుగు తినేస్తోంది. మీ కుండలు ఎన్ని పెట్టాలి, ఎన్నాళ్ళకోసారి మార్చాలి?"

"ఉండరా, చూసి చెప్తా. అమ్మాయీ, ఆ పుస్తకం ఇట్లా తే! చివరి పేజీలు."

ఆ పూట వాళ్ళు పురుగు గురించే మాట్లాడుకున్నారు. ఎవరు ఏ హోదాలో రిటైరయ్యారన్న ప్రస్తావనే రాలేదు. ఫోను పెట్టేశాక ఆయన నన్ను రేడియో ఉన్న బల్ల మీదే ఉంచి, కుండలు తెప్పించడానికి తోటకు బయల్దేరాడు.