గాలి తీసే విద్య

సముద్రాన్ని ఉపగ్రహం ఫోటో తీస్తే, కెమెరాకు చేరే వెలుగులో నీటిలోంచి వచ్చేది సాధారణంగా పదో వంతు. తక్కినదంతా గాలీ, ధూళీ, ఉప్పు తుంపరా చెదరగొట్టిన ఎండే. ఆ తొమ్మిది వంతులూ తీసేసి పదో వంతును పట్టుకోవడమే వాతావరణ సవరణ. కష్టమైన పనే. కానీ రేపు గైడుగారికి కాకినాడ తీరం బొమ్మ చూపించాల్సినవాళ్ళు దిగులుపడక్కర్లేదు.

అన్నిటికన్నా సుఖం, ఏమీ చేయకపోవడం. సెంటినెల్-2 ఉపగ్రహం బొమ్మలు సవరణ అయిపోయి, లెవెల్-2ఏ పేరుతో ఊరికే దొరుకుతాయి. వాటిని వండే సెన్2కార్ సాఫ్ట్‌వేర్‌ను ప్రధానంగా నేల కోసం రాశారు. పోనివ్వండి, మీ సముద్రాన్ని కాస్త తడిసిన పొలమనుకుని సర్దుకుపోతుంది.

గైడుగారు ఒప్పుకోకపోతే బెల్జియంవారి అకోలైట్ ఉంది, అదీ ఉచితమే. సెట్టింగులన్నీ ఒక టెక్స్ట్ ఫైలులో రాయాలి. ముందు హద్దులు: దక్షిణం, పడమర, ఉత్తరం, తూర్పు, ఇదీ వరస. మీరు మాత్రం అలవాటు కొద్దీ రేఖాంశం ముందు వేయండి. 82 ఉత్తరం, 16 తూర్పు అవుతుంది. స్వాల్‌బార్డ్ దీవులకు కూడా ఎగువన, ఆర్కిటిక్‌లో తేలతారు. అక్కడ గోదావరి బురద బెడద ఉండదు.

బురదే అసలు తంటా. పాత పద్ధతిలో సమీప పరారుణంలో నీరు పూర్తిగా నల్లగా ఉంటుందని, అక్కడ కనిపించే వెలుగంతా గాలిదేనని లెక్క. నడిసముద్రంలో ఇది బాగానే నడుస్తుంది. వరద రోజుల్లో గౌతమి మోసుకొచ్చే మట్టికి ఈ సంగతి తెలియదు, అది పరారుణంలోనూ మెరుస్తుంది. ప్రోగ్రాము ఆ మెరుపును గాలి మసకగా లెక్కగట్టి, నీలం బ్యాండులో ఉన్నదానికన్నా ఎక్కువ తీసేస్తుంది. నీటి రిఫ్లెక్టెన్స్ సున్నా కిందకు పోతుంది. అంటే మీ నీళ్ళు సూర్యుడికి బాకీ పడ్డాయన్నమాట. ఏం పర్లేదు, రుణ సంఖ్యలను మాస్క్ చేసే సెట్టింగు ఉంది. అది పెట్టగానే మీరు చూడాలనుకున్న నదీముఖం తెల్లగా చెరిగిపోయి, ఎవరికీ అక్కర్లేని శుభ్రమైన సముద్రం చక్కగా మిగులుతుంది.

అకోలైట్ ఇలా ముందే నలుపనుకోదు, బొమ్మలో నిజంగా చీకటిగా ఉన్న చోట్లు వెతుక్కుంటుంది. దాని తెలివి మీకు అడ్డం రాకుండా ఏరోసాల్‌ను ఫిక్స్‌డ్‌లో పెట్టండి. దాదాపు 110 కిలోమీటర్ల టైలు మొత్తానికి, రేవు పొగకూ నడిసంద్రానికీ ఒకే గాలి సరిపోతుంది.

తర్వాత 0.0215. 1600 నానోమీటర్ల దగ్గర ఇంతకు మించి మెరిసేది నీరు కాదని ఆ గడప అర్థం. దాన్ని 0.05కు, 0.1కు పెంచుతూ పోండి. పడవలు, పల్చటి మబ్బులు, హోప్ ఐలాండ్ ఇసుక అంచులు ఒక్కొక్కటే నీరవుతాయి. మబ్బుల టర్బిడిటీ చూస్తే మీకే ముచ్చటేస్తుంది.

కోరంగి మడ అడవుల పచ్చదనం పరారుణంలో బాగా వెలుగుతుంది. ఆ వెలుగు గాలిలో చెదిరి పక్క కాలువల పిక్సెళ్ళలో పడితే, దాన్ని నాచు విజృంభణ అని రాయండి.

2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 అంకెలకు 1000 కలిపి ఇస్తున్నారు. మంచి సాఫ్ట్‌వేర్ అయితే దాన్ని తనే తీసేస్తుంది. సొంత స్క్రిప్టు రాసుకునేవారు మరిచిపోతే మరీ మంచిది. ఒక్క రాత్రిలో సముద్రం తెల్లబారినట్టు గ్రాఫు వస్తుంది, దానికి వాతావరణ మార్పు కారణమని ఒక పేపరు తేలిపోతుంది.

పడవ మీద వెళ్ళి నీళ్ళు కొలిచి తెచ్చినవాళ్ళ అంకెలు మీ బొమ్మతో కలవకపోవచ్చు. ఉపగ్రహం వచ్చేది ఉదయం పదిన్నర ప్రాంతంలో, వాళ్ళు పోటు చూసుకుని ఎప్పుడో వెళ్ళుంటారు. తప్పు పడవదేనని తేల్చేయండి. కృతజ్ఞతల్లో మాత్రం వాళ్ళ పేర్లు మరిచిపోకండి, వచ్చే వరదలకు మళ్ళీ వాళ్ళనే పంపాలి.