ఘంటానాద నివారణోపాయము

మోటారుకారునకు మనుష్యుడు నేర్పిన విద్యలన్నింటిలోను మిక్కిలి కృతఘ్నతకు గురియైన విద్య యేదని నన్నెవరైన నడిగినచో, ఎక్కి కూర్చున్నవాడు బెల్టు పెట్టుకొనలేదని గుర్తించి, మొదట మెల్లగను, పిదప కొంచెము గట్టిగను, అటుపిమ్మట విసుగన్నది లేకుండ ఎడతెగకను మొత్తుకొనెడి ఆ చిన్న గంట యని తడుముకొనక చెప్పుదును. 2019 జూలై 1వ తేదీనుండి మన దేశమున తయారగు ప్రతి కొత్త కారునందును ముందు సీట్లు రెంటికిని ఈ గంట ఉండి తీరవలెనని ప్రభుత్వము శాసించినది. వేగము 80 కిలోమీటర్లు దాటినచో ఉండియుండియు, 120 దాటినచో ఊపిరి తీయకయు హెచ్చరించెడి మరియొక గంటయు దానితోడనే వచ్చినది. ఇంటిలోని పెద్దలు చెప్పిన వినని జాతి, యంత్రము చెప్పినచో వినునేమోయని శాసనకర్తలు ఆశపడిరి కాబోలు! వినెడివారు విన్నారు. విననివారు మాత్రము ఊరకుండక, వినకుండుటకు తగిన ఉపాయమును అన్వేషించి, సాధించి, దానికొక బజారును కూడ ఏర్పరచుకొనిరి.

ఆ ఉపాయము ఒక బిళ్ళ. బెల్టు చివరనుండెడి లోహపు నాలుక యెట్టిదో అట్టి నాలుకయే దీనికిని కలదు గాని, దీని వెనుక బెల్టు లేదు. పట్టుకొనుటకొక నల్లని ప్లాస్టిక్ తొడుగు, దానిపై కారు కంపెనీవారి ముద్రయు ఉండును; ఆ ముద్ర వారు వేసినది కాదు. సీటు ప్రక్కనున్న బకిల్‌లో దీనిని గుచ్చినంతనే, కారు తన యజమాని సురక్షితముగా బంధింపబడెనని నమ్మి, నోరు మూసికొనును. అబద్ధమాడుట తప్ప మరియొక ప్రయోజనము లేకుండ తయారైన వస్తువులు లోకమున అరుదు. వానిలో ఇది యొకటి.

దీనిని కొనెడి తీరు చూడదగినది. కారు కొని, కొండ దిగువ, గుడి మెట్లలో మొదటిదైన తొలి పావంచాకడ పూజ చేయించి, నాలుగు చక్రముల క్రిందను నాలుగు నిమ్మకాయలు నలిపించి, ముందు అద్దమునకు పసుపు కుంకుమలు పెట్టించిన గృహస్థు, ఆ సాయంకాలమే కార్ల అలంకరణ సామగ్రి అమ్మెడి దుకాణము ముందు దిగును.

"ఏం బాబూ, ఈ టింగుటింగు ఆపడానికేమైనా ఉందా? తల బొప్పి కడుతోంది."

"బెల్టు పెట్టుకుంటే ఆగిపోద్దండీ" అని పనికుర్రవాడు అమాయకముగా అనును.

దుకాణదారుడు కుర్రవానివంక ఒక చూపు చూచి, గిరాకీదారునివంక తిరిగి, "వాడు కొత్తగా చేరాడు లెండి సార్. రెండిమ్మంటారా? మేడంగారి వైపు కూడా మోగుద్ది కదా" అని, తీగకు వ్రేలాడుచున్న పొట్లములలో నుండి రెండు త్రెంచి చేతిలో పెట్టును. దేవుని సన్నిధిలో ఇచ్చిన దక్షిణకు బేరమాడని ఆ గృహస్థు ఇచ్చట మాత్రము ఇరువది రూపాయలు తగ్గింపుమని పట్టుబట్టును.

ఈ వ్యాపారము సందుగొందులలో చాటుమాటుగా సాగునదని తలపరాదు. 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఐదు పెద్ద ఆన్‌లైన్ అంగళ్ళను ఆజ్ఞాపించి తొలగింపించిన ఇట్టి బిళ్ళల ప్రకటనలు అక్షరాల 13,118. వానిలో కొన్ని సీసామూత తీయు పరికరములుగను, మరికొన్ని సిగరెట్టు ముట్టించు లైటర్లుగను వేషము వేసికొని అమ్మకమునకు నిలిచినవట! బెల్టు పెట్టుకొనుటకు మనసొప్పని డ్రైవరునకు, సీసామూత తీయు సాధనమును గూడ అదే వస్తువులో కూర్చి యిచ్చిన ఆ శిల్పి యెవడో గాని, గిరాకీదారుని స్వభావమును అతడు చదివినంతగా మనస్తత్వశాస్త్ర పండితులును చదివియుండరు.

బిళ్ళ కొన్న గృహస్థు మూఢుడనుకొందురేమో, కాదు. షోరూములో అతడడిగిన మొదటి ప్రశ్న ఎయిర్‌బ్యాగులెన్ని యని. రెండవది నక్షత్రములెన్ని యని. 2023 అక్టోబరునుండి భారత్ ఎన్‌క్యాప్ అను పేర మన దేశముననే కార్లకు పరీక్ష జరుగుచున్నది. గంటకు 64 కిలోమీటర్ల వేగమున కారును అడ్డుకట్టకు ఢీకొట్టించి, లోపల కూర్చుండబెట్టిన బొమ్మల తలకెంత దెబ్బ తగిలినదో, రొమ్మునకెంతయో, మోకాళ్ళకెంతయో కొలిచి, దానినిబట్టి నక్షత్రములు పంచెదరు. గృహస్థు గమనింపని స్వల్పవిషయ మొక్కటే: ఆ బొమ్మలు బెల్టు పెట్టుకొని కూర్చుండును. ఐదు నక్షత్రములును బెల్టు కట్టిన బొమ్మ సంపాదించుకొన్నవి. బిళ్ళ గుచ్చిన యజమానికి వానిలో ఒక్కటియు చెందదు. ఇక ఎయిర్‌బ్యాగు మాటయో, అది సెకనులో ఇరువదవవంతు కాలములో విచ్చుకొనును. బెల్టు వెనుకకు పట్టియుంచిన దేహమును అది విచ్చుకొన్న పిమ్మట అందుకొనవలెనని దానిని నిర్మించిరి. బెల్టు లేనివాడు అది విచ్చుకొనకముందే మీదికి ఉరికి, విచ్చుకొనుచున్న సంచిచేతనే మొగమున దెబ్బ తినును. కొన్ని కార్లలో కూర్చున్నవాడు బెల్టు పెట్టుకొనెనా లేదా యన్న సంగతిని చూచి, ఎంత దెబ్బకు సంచి విప్పవలెనో లోపలి కంప్యూటరు నిర్ణయించును. బిళ్ళ దానికిని అబద్ధమే చెప్పును.

ఇట్లు మనము డబ్బిచ్చి వదిలించుకొనుచున్న ఆ బెల్టు మనకెట్లు వచ్చినదో చెప్పినచో మరింత వింతగా నుండును. 1959లో వోల్వో కంపెనీలో నిల్స్ బోలిన్ అను స్వీడన్ దేశపు ఇంజనీరు, అంతకు పూర్వము యుద్ధవిమానములనుండి పైలటును బయటికి చిమ్మెడి ఆసనములను రూపొందించినవాడు, మనుష్యుని చిమ్ముట గాక పట్టియుంచుట యెట్లని ఆలోచించి, భుజము మీదుగను నడుము మీదుగను పోయి మూడు చోట్ల బిగిసెడి ఈ బెల్టును కల్పించినాడు. ఒక్క చేతితో, ఒక్క క్షణములో పెట్టుకొనునట్లుండవలెనని అతని పట్టుదల. దానిపై వచ్చిన పేటెంటును కంపెనీవారు తామే దాచుకొనక, లోకమున ఎవరైన వాడుకొనవచ్చునని విడిచిపెట్టిరి. ఊరక వచ్చినదానిని కాదనుటకై వెలయిచ్చి బిళ్ళ కొనెడి దాతృత్వము మనది.

మనవారికి ఆ బెల్టుపై గల విముఖతకు శాస్త్రసమ్మతమైన కారణ మొకటి ఉండవచ్చునని నాకు చాలకాలముగా అనుమానము. మన దేశమున డ్రైవరు కుడిప్రక్కను కూర్చుండును గదా. అతని బెల్టు కుడి భుజము మీదుగా దిగి ఎడమ నడుమున చేరును. జందెము ఆ విధముగా నున్నచో దానిని అపసవ్యమందురు. పితృకార్యమున తప్ప అట్లు వేసికొనరు. ప్రక్క సీటువానిది మాత్రము ఎడమ భుజము మీదుగా వచ్చు శుభప్రదమైన సవ్యము. కాని వాడును పెట్టుకొనడు, కావున నా సిద్ధాంతము నిలువలేదు. పోలీసు దూరమున కనబడినప్పుడు జరుగు కర్మకాండ చూచితిరా? బ్రేకు తొక్కుచు, స్టీరింగు ఒక చేత పట్టి, రెండవ చేత బెల్టును ఎదపైకి లాగి, బకిల్‌లో పెట్టక, సంధ్యావందనమున అర్ఘ్యమిచ్చుచున్నంత ఏకాగ్రతతో దానిని తొడవద్ద అదిమి పట్టుకొని, చౌరస్తా దాటినంతనే వదలివేయుదురు. అపసవ్యము ఇష్టము లేక మానినవాని నిమిత్తము, పదియవనాడు అతని కుమారుడు అపసవ్యము వేసికొనవలసివచ్చును.

బెల్టు నిరాకరణవాదుల తర్కము వేరు ప్రకరణమునకు తగిన విషయము. ఊరిలో తిరుగునప్పుడు "ఇక్కడిక్కడికే కదా, హైవే ఎక్కాక పెట్టుకుందాం" అందురు. హైవే ఎక్కిన పిమ్మట "ఇక్కడ పోలీసులెవరున్నారు?" అందురు. రెండు వాక్యములను కలిపి చదివినచో బెల్టు పెట్టుకొనదగిన స్థలము భూమండలమున లేదని తేలును. "కారుకు నిప్పంటుకుంటే బయటికెలా వస్తాం?" అని మరియొక ధీరుడు ప్రశ్నించును. తల పగులక తెలివితో నున్నవాడే తలుపు తీసికొని బయటికి రాగలడన్న సంగతి అతనికి తోచదు. అన్నింటికంటె బలవంతమైన వాదము మాత్రము విధివాదము: "రాసిపెట్టి ఉంటే ఎవరాపుతారండీ!" ఈ వేదాంతి బండికి ఇన్సూరెన్సు కట్టుట మానడు, రాత్రి వీథితలుపు గడియ పెట్టుట మానడు, నుదుటివ్రాతపై విశ్వాసము బెల్టు దగ్గర మాత్రమే అతనికి ప్రబలును. బిళ్ళ వాడినవాని ఇన్సూరెన్సు క్లెయిమునకు చిక్కు రావచ్చునని పైన చెప్పిన వినియోగదారుల సంస్థయే హెచ్చరించినది. ఆ చిక్కును విప్పుకొనువారు వెనుక మిగిలిన ఆడువారును పిల్లలును.

ప్రజల నన్నంత మాత్రమున చాలదు. 2022 సెప్టెంబరులో కేంద్ర రహదారుల మంత్రి నితిన్ గడ్కరీ, తాను నలుగురు ముఖ్యమంత్రుల కార్లలో ముందు సీటున కూర్చుండితిననియు, గంట మ్రోగకుండ ఆ బిళ్ళలు పెట్టియుండుట చూచితిననియు, పేర్లు మాత్రము అడుగవలదనియు బహిరంగముగా చెప్పిరి. పేర్లు తెలియరాలేదు గనుక ప్రతి రాష్ట్రమువారును అది పొరుగు రాష్ట్రపు సంగతియని ధైర్యముగా నుండవచ్చును. మంత్రిగారు ఆ మాట అన్న సందర్భము మాత్రము నవ్వులాటది కాదు. ఆ నెల 4వ తేదీన పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ, అహమ్మదాబాదునుండి ముంబయి వచ్చుచు, పాల్ఘర్ జిల్లాలో సూర్యానది వంతెనకడ కారు ఢీకొని మరణించిరి. అది మిక్కిలి విలువగల కారు. ఆయన వెనుక సీటున, బెల్టు లేక కూర్చుండిరి. అంతకు ముందటి సంవత్సరము, 2021లో, బెల్టు పెట్టుకొనక దేశమున మరణించినవారు 16,397 మందియని కేంద్ర రహదారుల శాఖ లెక్క. వారిలో డ్రైవర్లు 8,438. తక్కిన 7,959 మంది, ఒకరు నడుపగా కూర్చున్నవారే.

ఈ వెనుక సీటు విషయమున మన అజ్ఞానము మరింత గాఢము. మోటారు వాహనముల నియమావళి 138వ నియమము ముందు సీట్లవారినే గాక, ముందువైపునకు తిరిగియున్న వెనుక సీట్లవారిని గూడ బెల్టు పెట్టుకొనుమన్నది. పెట్టుకొననిచో వేయి రూపాయల జరిమానా. కాని పెండ్లికి పోవు ఇన్నోవాలో వెనుక కూర్చున్న వ్యక్తి బెల్టుకై చేయి చాపినచో, నడుపుచున్న బావమరిది అద్దములో చూచి, "ఏం బావా, నా డ్రైవింగు మీద నమ్మకం లేదా?" అని నొచ్చుకొనును. బావ సిగ్గుపడి చేయి వెనుకకు తీసికొనును. ఎదుటినుండి తప్పుదారిలో వచ్చు ట్రాక్టరు నడుపువానిపై గూడ బావకు నమ్మకముండవలెనా యని ఎవరును అడుగరు. కాదు, పెట్టుకొనియే తీరుదునని పట్టుబట్టినను బకిల్ దొరకదు. ఏల యనగా, కారు కొన్నప్పుడు ఉచితమని యిచ్చిన సీటుకవర్లను బిగించిన పనివాడు, కూర్చున్నవారికి గుచ్చుకొనునని బకిల్సన్నింటిని లోపలికి త్రోసి పైన నున్నగా కుట్టివేసినాడు. కారులోని అత్యంత ప్రాణప్రదమైన పరికరము పరుపు క్రింద సమాధిస్థమైనది. పైన వెల్వెట్టు దిండు, వెనుక అద్దముకడ తల ఊపెడి కుక్కబొమ్మ.

ఇక తల్లి ఒడిలో పసిబిడ్డ. "నేను గట్టిగా పట్టుకుంటాను లెండి" అనెడి ఆ తల్లి ప్రేమను శంకింపను. ఆమె భుజబలమును మాత్రము శంకింతును. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు కారు దేనికైనను ఢీకొని ఆగినప్పుడు దేహమునకు తగులు దెబ్బ, మూడంతస్తుల మేడనుండి పడిన దెబ్బకు సమానము. ఆ క్షణమున పది కిలోల బిడ్డ ఇంచుమించు మూడువందల కిలోల బరువై చేతులనుండి విడివడును. మూడువందల కిలోలు ఎత్తగల తల్లిని నేను చూడలేదు. పదునాలుగేండ్ల లోపు పిల్లలకు బెల్టో, వారికై ప్రత్యేకించిన సీటో ఉండవలెనని చట్టము చెప్పుచున్నది, ఆ పిల్లల సీటు ఖరీదు విన్న తండ్రి "అంత డబ్బే!" అని, అంతకు రెండింతలు పోసి పాటల స్పీకర్లు వేయించును.

చదువరులలో కారుగలవారికి నా మనవి యొక్కటే. మీ ముందు సీటుకడ బిళ్ళ యున్నచో పెరికి పారవేయుడు. తరువాత వెనుక సీటు కవరు ఎత్తి, కుట్టు విప్పి, బకిల్సును వెలికి తీయుడు. ఐదుగురు కూర్చుండెడి కారైనచో వెనుక మూడుండవలెను. మీకు చేతకానిచో కవర్లు కుట్టిన దుకాణమువానినే పిలిచి కుట్టు విప్పించుడు. అతడు దానికై రెండువందలడిగినను బేరమాడకుడు.